మెట్ల ముందరి బండలు

మా కాలనీ కట్టినప్పుడు వనపర్తిలో అటువంటి ఇళ్ళు వేరే ఎక్కడా లేవు. నాలుగు బ్లాకులు, ఒక్కోదానికి మూడంతస్తులు, నడుమ అరవై అడుగుల పొడవు, నలభై రెండడుగుల వెడల్పు ఖాళీ జాగా. గోడలకు రంగు లేదు, సిమెంటు సిమెంటులాగే కనబడుతుంది. కిటికీల మీద చెక్కడాలు లేవు, వాకిళ్ళకు కమానులు లేవు. వరండాలకు మాత్రం చతురస్రాల సిమెంటు జాలీలు. పట్నం నుంచి వచ్చి గీసిన ఆర్కిటెక్టుకు గీత వంకర పోతే గిట్టదని ప్లాను చూస్తేనే తెలిసిపోయేది. సంస్థానం కాలపు మేడలు చూసిన కళ్ళు కదా, ఊరివాళ్ళు వీటికి అగ్గిపెట్టెలని పేరు పెట్టారు. నాకు మొదటి రోజు నుంచీ నచ్చాయి. నేను ప్రభుత్వ ఆఫీసులో ట్రేసరుగా పనిచేసి రిటైరయ్యాను. ఇంజనీర్లు పెన్సిలుతో గీసినదాన్ని పలచటి కాగితం మీద సిరాతో ఎత్తడం నా పని. కాలనీలో నన్ను ఇంజనీరమ్మ అంటారు. కాదని చెప్పాల్సిన రోజు దాటిపోయి చాలా ఏళ్ళయింది.

ఆ ఆర్కిటెక్టు ఒక్కచోట తప్పాడు. మెట్లు. బాగా ఇరుకు, సగంలో ఠక్కున మలుపు. బీరువాలను తాళ్ళు కట్టి వరండా మీదుగా పైకి లాక్కోవలసిందే. మనిషి తన కాళ్ళతో ఎక్కగలడు, దిగగలడు. మోసుకొని ఎక్కించడం కుదరదు. అందుకని కాలనీవాళ్ళు ఎవరైనా దవాఖానలో కన్నుమూస్తే పైకి తెచ్చేవాళ్ళు కాదు. మా బ్లాకు మెట్ల ముందు షాబాద్ బండలు పరిచిన చదును జాగా ఉండేది. అక్కడ పడుకోబెట్టేవాళ్ళు. అద్దెకున్నవాళ్ళకు ఆ జాగా మరీ అవసరం. మా దిక్కు అద్దె ఇంట్లోకి శవాన్ని రానివ్వరు. ఇల్లుగలవాళ్ళు ఎంత మంచివాళ్ళయినా ఆ ఒక్క సంగతిలో మాట వినరు. కాలనీలో సగం మంది అద్దెవాళ్ళే.

బండలు అందుకే వేశారని కాదు. వాటి మీద మిరపకాయలు ఎండేవి, వడియాలు ఎండేవి. నిశ్చితార్థాలకు టెంటు పడేది. పిల్లలు సుద్దముక్కతో గళ్ళు గీసి గెంతేవాళ్ళు. మా పై అంతస్తు దర్జీ ఆమె పెద్ద గుడ్డ కత్తిరించాల్సి వస్తే ఆ బండల మీదే పరిచేది. ఆ జాగాకు పేరంటూ లేదు. మెట్ల ముంగట అనేవాళ్ళం, అంతే.

నా భర్తను కూడా అక్కడే పడుకోబెట్టారు. మహబూబ్‌నగర్ దవాఖాన నుంచి తెచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. పొద్దు వాలేదాకా నేను మూడో మెట్టు మీద కూర్చుని ఉన్నాను. ఆ తర్వాత పాలకు దిగినా కూరగాయలకు దిగినా నా కాలు కొన్ని బండలను తప్పించి నడిచేది. ఎవరూ గమనించలేదు. ఇది ముందే చెప్పేస్తున్నాను. చెప్పకపోతే మిగతాదంతా ముసలిదాని మతిమరుపు అనుకుంటారు. మతిమరుపు కాదు.

నడిమి జాగా బాగుచేద్దామని కాలనీ సంఘంలో మాట వచ్చింది కిందటేడు ఎండాకాలం మొదట్లో. నిజంగానే పాడుబడి ఉండింది. నడుమ గుండ్రటి సిమెంటు తొట్టి, ఒకప్పుడు అందులో నీళ్ళు చిమ్మేవట, నేను చూసినప్పటి నుంచీ చెత్తే. చుట్టూ పిచ్చిమొక్కలు, ఎవరి బండి ఎక్కడ పడితే అక్కడ. ప్లాను గీయమని నన్ను అడిగారు. రిటైరయ్యాక నన్ను ఎవరైనా గీత గీయమని అడగడం అదే మొదటిసారి. పలచటి కాగితం చుట్ట తెప్పించాను. ఉత్తర దిక్కు బాణంతో సహా గీశాను. ఇంటింటికీ వెళ్ళి ఎవరికేం కావాలో అడిగాను. ఒకరు బండ్లకు రేకుల షెడ్డు అన్నారు, ఒకరు కరివేపాకు చెట్టు అన్నారు, ఒకరు ముసలివాళ్ళకు బెంచీలు, పిల్లలకు ఆటజాగా. ఆ ఒక్క మాట ఎవరూ అనలేదు. కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టే పనిలో అటువంటి మాట ఎవరు ఎత్తుతారు? ప్రతివాళ్ళకూ తెలుసు, ప్రతివాళ్ళూ ఇంజనీరమ్మకు తెలియదా అనుకున్నారు.

నాకు తెలుసు. ఆ బండలున్న చోటనే నేను పూలమడి గీశాను. అన్ని గీతలూ నిటారుగా ఉన్న ఆ కాగితంలో అదొక్కటే కోడిగుడ్డు ఆకారం. అందరూ ముచ్చటపడ్డారు.

పై అంతస్తు దర్జీ ఆమె అన్నాను కదా, ఆమెకు నలభై దాటి ఉంటాయి. వాళ్ళది బిజినేపల్లి వైపు ఊరు. భర్త ఆటో నడిపేవాడు. కిడ్నీలు చెడిపోయాక ఆటో అమ్మేశారు. వారానికి ఇన్ని సార్లని దవాఖానకు పోయి రక్తం శుద్ధి చేయించుకుని వచ్చేవాడు. పోయేటప్పుడు ఆమె భుజం పట్టుకుని దిగేవాడు, వచ్చేటప్పుడు మెట్టుకో నిమిషం కూర్చుంటూ ఎక్కేవాడు. ఎక్కువ కాలం ఉండడని దవాఖానలో ఆమెకు చెప్పేశారు. ఆ సంగతి కాలనీ అంతటికీ తెలుసు. వాళ్ళు అద్దెకున్నారని కూడా.

మేస్త్రీ బండలు లేపడం మొదలుపెట్టిన రోజు పొద్దున ఆమె కిందికి వచ్చింది. మెడలో టేపు, చేతిలో సగం కుట్టిన జాకెట్టు. నేను కొలతలు చూసుకుంటూ నిలబడి ఉన్నాను.

"ఇంజనీరమ్మా, ఒక్క మాట."

"చెప్పు."

"గీ మెట్ల ముంగట బండలు గిట్లనే ఉండనీయరాదు?"

"ఎందుకు?"

"ఊకెనే."

"ఊకెనే అంటె ప్లాన్ మారుస్తరా? ఏమన్న కారణం చెప్పు."

ఆమె జాకెట్టును అటూ ఇటూ తిప్పింది. "మిరపకాయలు ఎండబోస్కుంటం గద."

"మిద్దె మీద బోస్కోండ్రి. ఈడికంటె ఎండ ఎక్కువ."

"పిల్లలు ఆడుకుంటరు."

"పిల్లలకు ఆ పక్కన జాగ ఇచ్చిన. ముగ్గు పోసి చూపించిన గద."

"గుడ్డ పరుసుకోనీకె నాకు జాగ ఉండదు."

"నీ ఒక్కదాని గుడ్డ కోసం నలుగురి తోట ఆపాల్నా?"

మేస్త్రీ నవ్వాడు. ఆమె కూడా నవ్వబోయింది. తర్వాత దగ్గరగా వచ్చి, మేస్త్రీకి వినబడకుండా అన్నది. "నీకు తెల్వదా అమ్మా?"

కట్టుకున్నవాడు పైన బతికి ఉండగా ఆమె నోటితో ఆ మాట ఎట్లా అంటుంది? అంటే తానే ఆయన్ను సాగనంపినట్టు. నేనూ ఒకప్పుడు ఆ స్థితిలో ఉన్నదాన్నే. దవాఖానలో డాక్టరు చెప్పేశాక కూడా ఇంటికి ఫోను చేసి అన్నం వండి ఉంచమన్నదాన్ని. ఆమె ఆ మాట అనజాలదని తెలిసే నేను కారణం అడుగుతూ పోయాను. ఒక్కొక్క కారణం చెబుతుంటే ఒక్కొక్కటి కొట్టేస్తూ పోయాను. చివరికి అడగాల్సిన తీరులో అడిగింది.

"తెల్వదు," అన్నాను.

ఆమె నా ముఖం వైపు కొంచెంసేపు చూసి, "సరే అమ్మా, మీ ఇష్టం," అని పైకి వెళ్ళిపోయింది. మేస్త్రీ బండ కింద గడ్డపార పెట్టి లేపాడు. కింద మట్టి తడిగా, నల్లగా ఉంది. చల్లటి వాసన వచ్చింది. నాకు హాయిగా అనిపించింది. అదే ఇప్పుడు తలుచుకుంటే మింగుడుపడదు. ఆ క్షణాన నాకు నిజంగా హాయిగా అనిపించింది.

వానలు మొదలయ్యేనాటికి తోట తయారైంది. కొత్తకోట దారిలోని నర్సరీ నుంచి నందివర్ధనాలు, ముద్దమందారాలు, మెట్టతామరలు తెచ్చాం. కోడిగుడ్డు మడి చుట్టూ ఇటుకలను ఏటవాలుగా, మొనలు పైకి వచ్చేట్టు పాతించాను. మొక్కల మీద నడవరాదని బోర్డు నేనే రాశాను, అక్షరాలు అచ్చు వేసినట్టు వచ్చాయి. తోట తెరిచిన రోజు అందరం ఫోటో దిగాం. దర్జీ ఆమె భర్త కూడా ఆమె భుజం పట్టుకుని మెట్లు దిగి వచ్చాడు, ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టారు. మనిషి చిక్కిపోయాడు గాని మాట అట్లానే ఉంది.

"ఇంజనీరమ్మా, మస్తు చేసినవ్. బండ్లకు జాగ పెట్టినవ్, పోరగాండ్లకు పెట్టినవ్, ముసలోళ్ళకు పెట్టినవ్. మరి నాకేడ పెట్టినవ్?"

"బెంచీలున్నయి గద నాయనా, రోజు వచ్చి కూసో."

"కూసున్నంత సేపు కూసుంట. అటెనుక?"

"నీ నోరు మూస్తవా లేదా?" అన్నది ఆమె. చెయ్యి కుర్చీ వీపు మీద ఉంది, గట్టిగా పట్టుకుని ఉంది. ఆయన నవ్వుతూ పూలమడి వైపు గడ్డంతో చూపించాడు. "నన్ను గూడ గీ పూలల్లనే నాటుండ్రి. ఎరువుకు పనికొస్త."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వాలో వద్దో తెలియక నా వైపు చూశారు. నేను ఫోటోకు సర్దుకున్నాను.

ఆ తర్వాత నాకు ఒక కొత్త అలవాటైంది. మొదటి అంతస్తులో మా వరండా సరిగ్గా ఆ మడి మీదికి ఉంటుంది. జాలీ వెనక పీట వేసుకుని కూరగాయలు తరుక్కుంటూ కాపలా కాసేదాన్ని. పిల్లల బంతి మడిలో పడితే, ఎవరైనా మెట్ల నుంచి నేరుగా గేటుకు పోదామని ఇటుకల మీద కాలు పెడితే, చూడకుండానే చప్పుడును బట్టి అరిచేదాన్ని. పిల్లలు నన్ను వెక్కిరించేవాళ్ళు, నా గొంతుతోనే అరిచి పారిపోయేవాళ్ళు. పట్టించుకోలేదు. మొక్కలు నిలబడ్డాయి.

శ్రావణ మాసం. పొద్దున్నుంచి ముసురు. నేను బీరకాయ చెక్కు తీస్తున్నాను. కింద చాలా కాళ్ళ చప్పుడు, ఇటుక మీద చెప్పు జారిన చప్పుడు.

"ఏయ్, ఎవరది? ఆడ కాదు! మొక్కలున్నయ్, కనపడ్తలేదా?"

ఎప్పుడూ వచ్చే కిలకిల రాలేదు. పారిపోయిన చప్పుడూ రాలేదు. కాళ్ళు ఆగిపోయాయి. లేచి జాలీలోంచి చూశాను.

నలుగురు మగవాళ్ళు, కొత్తముఖాలు, ఆమె పుట్టింటివాళ్ళో అత్తింటివాళ్ళో. చేతుల్లో అంబులెన్సు స్ట్రెచరు, దాని మీద తెల్లదుప్పటి. ముందున్న అతని కాలు మడి అంచు మీద ఉంది. పక్కన ఆమె, జుట్టు విడిపోయి, ఒక చేయి దుప్పటి మీద. తల ఎత్తి నా వరండా వైపు చూసింది. జాలీ వెనక నేను కనబడి ఉండను. గొంతు చాలు.

"గాడ కాదంట," అన్నది ఆమె వాళ్ళతో. "మర్లుండ్రి."

వాళ్ళు వెనక్కి తిరిగారు.

ఒక్క మాట చాలు అప్పుడు. మొక్కలు పోతే పోనీ, అక్కడే పెట్టండి అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆ మాట నా నోట్లోకి వచ్చింది. అంతకుముందు నేనన్న తెల్వదు అబద్ధమని ఒప్పుకుంటే తప్ప ఇది బయటికి రాదు. అక్కడే అడ్డుపడింది. చేతిలో బీరకాయతోనే నిలబడిపోయాను. చీర సర్దుకుని కిందికి దిగేసరికి వాళ్ళు గేటు పక్క రేకుల షెడ్డులోంచి బండ్లు ఒక్కొక్కటీ బయటికి తోస్తున్నారు.

ఇల్లుగలాయన అప్పటికే ఫోను చేశాడట. ఏమనుకోవద్దు, రావాల్సిన సాయం చేస్తాను, ఇంట్లోకి మాత్రం తేవద్దని. ఆమె ఏమీ అనుకోలేదు. ఆ ఇంటికి ఆ మెట్లెక్కి ఎట్లాగూ తేలేరు.

గద్వాల నుంచి చనిపోయినాయన చెల్లెలు రావాలి, అప్పటిదాకా ఉంచాలని ఫ్రీజరు పెట్టె కిరాయికి తెచ్చారు. షెడ్డు నేల మీద ఇంజను నూనె మరకలు. కింది అంతస్తు ఆపా తన కిటికీలోంచి పెట్టెకు కరెంటు వైరు లాగింది. ఆమె నాకంటే కొంచెం చిన్నది. ఆమెను నేను ఆపా అంటాను, ఉర్దూలో అక్క అని, నన్ను ఆమె కూడా ఆపా అనే అంటుంది. బ్లాకులో నన్ను ఇంజనీరమ్మ అని పిలవనిది ఆమె ఒక్కతే, కోపమొస్తే తప్ప. ఆమె కొడుకు వానలో తడుస్తూ వైరుకు ప్లాస్టిక్ చుట్టాడు.

చనిపోయినాయన చిన్నాయన ఒక పెద్దమనిషి వచ్చాడు, తలపాగా, చేతికర్ర. "తల దక్షిణం దిక్కు ఉండాలె. దక్షిణం ఎటు? మొగులు పట్టింది, పొద్దు కనపడుతలేదు."

ఎవరో అన్నారు. "గా ఇంజనీరమ్మనడుగు పెద్దయ్యా. గీ ప్లాన్ గీసింది ఆమెనే."

అందరూ నాకు దారి ఇచ్చారు. నేను చేత్తో దక్షిణం చూపించాను.

షెడ్డు తూర్పు పడమరలుగా పొడుగు. లోతు ఆరడుగులు. స్కూటరు పొడవును బట్టి నేనే పెట్టిన కొలత. పెట్టె ఏడడుగులు. తల దక్షిణం పెడితే కాళ్ళ వైపు ఒక అడుగు రేకుల బయటికి వచ్చింది. రేకు అంచు నుంచి నీళ్ళు ధారగా సరిగ్గా అక్కడ పడుతున్నాయి. పెట్టె మూత అద్దం. దర్జీ ఆమె కొంగుతో తుడుస్తోంది, మళ్ళీ తడుస్తోంది, మళ్ళీ తుడుస్తోంది. ఎవరో గొడుగు ఇచ్చారు. పెట్టె చివర నిలబడి ఆయన పాదాల మీద గొడుగు పట్టింది. ఇంకొకరు పట్టుకుంటామంటే ఇవ్వలేదు.

"గింత పెద్ద కాలనీల మనిషిని పండబెట్టనీకె జాగ లేదా?" అన్నాడు పెద్దాయన ఎవరినీ కాకుండా.

"ఉండె బాబా," అన్నది ఆపా. "గా పూలున్నయి సూడు, గాడనె ఉండె. మంచి బండలు. గీ ఇంజనీరమ్మ పెనిమిటిని గూడ గాడనె పండబెట్టినం."

నన్ను ఇంజనీరమ్మ అన్నది.

పెద్దాయన నా వైపు తిరిగాడు. "అవునా అమ్మా?"

"అవును."

"మరి ఎట్ల తీసిండ్రమ్మా?"

వెనక నుంచి సంఘం ప్రెసిడెంటు అందుకున్నాడు. "అందరం కలిసి తీర్మానం చేసుకున్నం పెద్దాయనా, ఒక్కరు చేసిన పని గాదు." కాదని నేను అనలేదు. అందరి వెనక దాక్కున్నాను. ఆమె అటు తిరిగి గొడుగు పట్టుకునే ఉంది. విన్నదో లేదో తెలియదు. వినకుండా ఎట్లా ఉంటుంది, నాలుగడుగుల దూరం.

గద్వాల చెల్లెలు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆమె గేటులోకి వస్తూనే, "బండ్ల నడుమ పెట్టిండ్రేందే మా అన్నను!" అని పెద్దగా ఏడ్చింది. ఆ ఏడుపు నాలుగు బ్లాకుల గోడలకూ కొట్టుకుని తిరిగి వచ్చింది. సిమెంటు గోడలకు ఆ గుణం ఉంది.

నెల తిరగకముందే దర్జీ ఆమె ఇల్లు ఖాళీ చేసింది. బిజినేపల్లిలో తమ్ముడి దగ్గరికి పోతున్నదని ఆపా చెప్పింది. సామాను పోయే రోజు నేను వరండాలోనే ఉన్నాను. కుట్టుమిషను మెట్ల మలుపులో తిరగలేదు. తాళ్ళు కట్టి పై వరండా నుంచి దించారు. అది నా జాలీ ముందు నుంచి, నా ముఖానికి అడుగు దూరంలో, మెల్లగా గుండ్రంగా తిరుగుతూ కిందికి పోయింది. పై నుంచి ఆమె గొంతు వినబడుతోంది. "మెల్లగ, మెల్లగ. కింద పూలమొక్కలున్నయి, జర సూడుండ్రి." అది ఎగతాళి కాదు. మిషను పాడవుతుందనో మొక్కలు పాడవుతాయనో నిజంగానే అన్నది.

ఆ తర్వాతి సంఘం మీటింగులో నేను లేచి నిలబడ్డాను. మర్యాదగా ఎట్లా చెప్పాలా అని రెండు రోజులు ఆలోచించాను. మర్యాదగా చెప్పే దారి దొరకలేదు.

"మెట్ల ముంగట పీనుగను పెట్టనీకె జాగ కావాలె. పూలమడి తీసేస్త," అన్నాను.

ఒకామె చంటిపిల్లను ఎత్తుకుని బయటికి పోయింది. ప్రెసిడెంటు చేతులు జోడించాడు. "ఇయ్యాల శుక్రారమమ్మా. గా మాట అనకుండ్రి."

"ఏ వారమంటె అనాలె?"

"మీ ఇష్టమొచ్చినట్ల చేస్కోండ్రి, మళ్ళ ఎత్తకుండ్రి."

ఎవరూ వద్దనలేదు. ఆ మాట తొందరగా ముగిసిపోవాలని ఒప్పేసుకున్నారు. మొత్తం జాగా రెండువేల ఐదువందల ఇరవై చదరపు అడుగులు. తల దక్షిణం పెట్టి చుట్టూ మనుషులు కూర్చోవడానికి నాకు కావలసింది నూట ఇరవై. ఎక్కాలు వచ్చిన ఎవరికైనా తెలుస్తుంది, ఆ నూట ఇరవై మొదటే వదలడానికి ఇబ్బందేమీ లేదని. మెట్టతామరలు నేనే పెకలించాను. మందారాలు గేటు పక్కకు మార్చాం. పాత బండలు ఎవరెవరి గుమ్మాల ముందుకో పోయాయి, అడగలేకపోయాను. కొత్తవి తెప్పించాను. చదును చూడడానికి నీళ్ళు పోసి చూశాను. చుక్క నిలవలేదు.

పని బాగా జరిగింది. ఆ జాగా మాత్రం పాతదానిలా కాలేదు. అంతకుముందు అది మెట్ల ముంగట. అక్కడ మిరపకాయలు ఎండాయి, పెళ్ళిమాటలు జరిగాయి, పిల్లలు గెంతారు, నడుమ ఎప్పుడో ఒకసారి ఒకరు పడుకున్నారు, మర్నాడు నీళ్ళు కొట్టి కడిగితే మళ్ళీ మిరపకాయలు. నేను మీటింగులో ఆ మాట అన్నాక అది ఇక దానికే. కొత్తకోడళ్ళు పక్కనుంచి తిరిగిపోతారు. అత్తలు పిల్లల్ని రెక్క పట్టుకుని లాగుతారు. పిల్లలు దానికి ఇంజనీరమ్మ జాగ అని పేరు పెట్టారు. పందెం కట్టి ఒక్క కాలు పెట్టి తీస్తారు.

నేను పట్టుదలకు పోయి దాని మీద వడియాలు పెట్టాను. ఎండాక ఎప్పటిలాగే ఇరుగుపొరుగుకు పంచబోతే అందరికీ ఇంట్లో ఉన్నాయి. ఆపా మాత్రం గిన్నె పట్టింది.

"నీవె పేరు పెట్టి, నీవె ఆడ ఎండబోస్తే ఎవరు తింటరు ఆపా? నాకియ్యి. మా తాత ముత్తాతలందరు మట్టిలనే పండిండ్రు, నాకు భయం లేదు."

"నేను తప్పు చేసిన ఆపా."

"ఏది? గప్పుడా, గిప్పుడా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా గిన్నె పట్టుకుని లోపలికి పోయింది.

చలికాలంలో ఒక పొద్దున జాకెట్టు గుడ్డ ఒకటి సంచిలో పెట్టుకుని బిజినేపల్లి బస్సెక్కాను. దారి పొడుగునా ఒకే వాక్యం నోట్లో తిప్పుకుంటూ పోయాను: ఆ పొద్దు నాకు తెలిసే తెల్వదన్నానని. అంతే చెప్పాలి, ఇంకేం చెప్పొద్దు, ఏడవొద్దు.

బస్టాండు ఎదురుగా ఒక సందులో ఆమె మిషను పెట్టుకుంది. నన్ను చూసి లేచి స్టూలు తుడిచింది.

"ఏమమ్మా గింత దూరం వచ్చినవ్? వనపర్తిల దర్జీలు కరువైండ్రా?"

"నీ కుట్టు అలవాటైంది."

"టీ తాగుతవా?"

"వద్దు."

"తాగు. గింత దూరం వచ్చినవ్." పక్క హోటలుకు కేక వేసింది. టేపు తీసుకుని నా వెనక నిలబడింది. భుజం కొలిచింది. "సన్నవడ్డవ్ అమ్మా."

ముఖం కనబడకపోవడం మేలనిపించింది. "మెట్ల ముంగట మళ్ళ బండలు ఏయించిన," అన్నాను.

టేపు నా వీపు మీద ఆగింది. "అవునా."

"ఊఁ."

"ఎవర్నన్న పండబెట్టిండ్రా?"

"ఇంక లేదు."

"మంచిదే." టేపు మళ్ళీ కదిలింది. నడుము చుట్టూ తెచ్చి అంకె చూసింది. "నీకు దగ్గరనే గద అమ్మా. మొదటి అంతస్తు."

అది వేళాకోళమో, ఓదార్పో, శాపమో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె గొంతులో ఏ తేడా లేదు. టీ వచ్చింది. వాక్యం నోట్లో సిద్ధంగా ఉంది. గ్లాసు పట్టుకున్నాను, మొదటి మాట వెతుక్కుంటున్నాను.

"వెనక మెడ ఎంత దింపాలె?" అని అడిగింది.

"ఎప్పటి లెక్కనె."

"ఎప్పటి కొలతలు నా తాన లేవమ్మా. ఇల్లు ఖాళీ చేసిన్నాడు అన్ని పారేసిన. చెప్పు."

అంగుళాలు చెప్పాను. ముందు మెడ అడిగింది, చెప్పాను. చేతుల పొడవు అడిగింది, చెప్పాను. ఇంకొకామె చీరకు అంచు వేయించుకోవడానికి వచ్చి నిలబడింది. టీ చల్లారింది, తాగేశాను. గురువారం వచ్చి తీసుకుపొమ్మన్నది. సరేనని లేచి బస్టాండుకు నడిచాను. వనపర్తి బస్సు సిద్ధంగా ఉంది, అయినా దాన్ని పోనిచ్చి ఇంకో బస్సు దాకా కూర్చున్నాను. మళ్ళీ సందులోకి పోలేదు.

ఆ గురువారం పోయింది, తర్వాత చాలా గురువారాలు పోయాయి. తేదీ చెప్పిన పనికి నేను వెళ్ళకపోవడం నాకు గుర్తున్నంతలో ఇదొక్కటే. జాకెట్టు ఆమె దగ్గరే ఉంది. నా నంబరు ఆమె దగ్గర ఉంది, ఫోను చేయలేదు.